పంక్తిలోకి పిలవని గొంతులు

షెర్లాక్ హోమ్స్‌ని రేడియోలోకి తెచ్చింది ఒక ఆడమనిషి. పేరు ఎడిత్ మైజర్. నాటకాల్లో వేషాలు కట్టేది, రాసేది కూడా. ఆవిడ రాసిన మొదటి ఎపిసోడ్ 1930 అక్టోబరు 20న అమెరికాలో ఎన్‌బీసీ రేడియోలో వచ్చింది. అందులో హోమ్స్‌గా మాట్లాడింది విలియం జిలెట్. 1899 నుంచి రంగస్థలం మీద ఆ పాత్రకి పెట్టింది పేరు, అప్పటికి డెబ్భై ఏడేళ్ళ పెద్దాయన. డబ్బు పెట్టింది జి. వాషింగ్టన్ అనే ఇన్‌స్టంట్ కాఫీ కంపెనీ.

ఆ సీరియల్ నడిచే తీరు ఇలా ఉండేది. హోమ్స్ స్నేహితుడూ, అతని కథలు చెప్పేవాడూ అయిన డాక్టర్ వాట్సన్ ఇంటికి అనౌన్సర్ వెళ్తాడు. చలి మంట పక్కన కూర్చుంటారు. మధ్యలో కాఫీ మాట దొర్లుతుంది. దొర్లకపోతే కంపెనీ ఊరుకోదు మరి. ఇవాళ ఏ కథ చెబుతారని అతిథి అడుగుతాడు, డాక్టరుగారు పాత రోజుల్లోకి వెళ్తాడు. ఇంతే. ఇవాళ ఏ పాడ్‌కాస్ట్ విన్నా పద్ధతి దాదాపు ఇదే: ఇద్దరు ముగ్గురు కూర్చుంటారు, ఒకరు అడుగుతారు, ఒకరు చెబుతారు, వినేవాడికి తనూ ఆ గదిలోనే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఎనభై ఒక్క ఏళ్ళ తర్వాత, 2011లో, క్రిస్టీనా మానెంటే అనే అభిమాని కొందరు స్నేహితురాళ్ళతో కలిసి ‘బేకర్ స్ట్రీట్ బేబ్స్’ అనే పాడ్‌కాస్ట్ మొదలుపెట్టింది. మాట్లాడేవాళ్ళంతా ఆడవాళ్ళే, మాట్లాడేదంతా హోమ్స్ గురించే. కోనన్ డోయల్ రాసిన మూల కథలు, వాటిమీద వచ్చిన సినిమాలు, టీవీ సీరియళ్ళు, కొత్తగా పుట్టుకొస్తున్న హోమ్స్ నవలలు, వాటిని రాసినవాళ్ళతో, వేషాలు వేసినవాళ్ళతో కబుర్లు. మైజర్ సీరియల్‌లో అతిథి వాట్సన్‌ని అడిగి తెలుసుకునేవాడు. ఇక్కడ అడగడంతో సరిపెట్టరు, వాట్సన్ చెప్పినదానికి ఎదురు మాట్లాడతారు.

ఈ రెండింటి మధ్యా మూసిన తలుపు ఒకటి ఉంది. అది న్యూయార్క్‌లో ఒక విందు గది తలుపు. ఆ తలుపు కథ తెలియకపోతే, కొందరు ఆడవాళ్ళు మైకు ముందు కూర్చుని పాత డిటెక్టివ్ కథలు చెప్పుకోవడంలో విశేషమేముందో అర్థం కాదు.

క్రిస్టఫర్ మోర్లీ అనే రచయిత 1934లో బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్స్ అనే సంఘం పెట్టాడు. హోమ్స్ కథల్లో చిల్లర పనులు చేసిపెట్టే వీధి పిల్లల గుంపు పేరది. సభ్యుల్ని ఎంచుకోవడానికి ఒక పత్రికలో హోమ్స్ కథల మీద పదబంధ ప్రహేళిక వేశారు. సరిగ్గా పూరించి పంపినవాళ్ళు అర్హులు. పూరించినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. పిలుపు మాత్రం మగవాళ్ళకే వెళ్ళింది. ఏటా జనవరిలో, హోమ్స్ పుట్టినరోజుగా అభిమానులు లెక్కగట్టిన 6వ తేదీకి అటూ ఇటూగా, విందు జరిగేది. ఆ విందులో ఒక ఆచారం ఉండేది. కథల్లో హోమ్స్‌ని ఓడించిన ఐరీన్ ఆడ్లర్ పేరు మీద ఏటా ఒక స్త్రీని ‘ద వుమన్’గా గౌరవిస్తారు. ఆవిడ వస్తుంది, భోజనాలకి ముందు అందరూ గ్లాసులెత్తి ఆవిడ పేరు చెప్పుకుని తాగుతారు, చప్పట్లు కొడతారు. ఆ తర్వాత వడ్డన మొదలయ్యేలోపు ఆవిడ వెళ్ళిపోవాలి. బొట్టు పెట్టి పిలిచి, పంక్తిలో విస్తరి వేయకుండా పంపించెయ్యడం అంటే ఇదే.

1941లో అదే సంఘం సభలో రెక్స్ స్టౌట్ అనే డిటెక్టివ్ నవలా రచయిత లేచి వాట్సన్ నిజానికి ఆడమనిషేనని, హోమ్స్‌కి భార్య అని, మూల కథల్లోంచి వాక్యాలు ఏరి మరీ రుజువు చేశాడు. గది గదంతా మగవాళ్ళే కాబట్టి అది జోకు. 2012 సెప్టెంబరులో ‘ఎలిమెంటరీ’ అనే అమెరికన్ సీరియల్‌లో లూసీ లియూ అనే నటి జోన్ వాట్సన్‌గా కనిపించేనాటికి అదేమంత జోకులా లేదు.

మధ్యలో 1968 ఉంది. కనెటికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లోని అల్బర్టస్ మాగ్నస్ అనే మహిళా కళాశాల విద్యార్థినులు కొందరు జనవరి చలిలో ఆ విందు జరుగుతున్న రెస్టారెంటు బయట ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. లోపలికి రానివ్వలేదు. వాళ్ళు వెనక్కి వెళ్ళి తమ సంఘం తాము నడుపుకున్నారు: అడ్వెంచ్రెసెస్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్. తలుపు తెరుచుకునేసరికి 1991 వచ్చింది. ఆ ఏడు సంఘంలోకి తీసుకున్న ఆడవాళ్ళ జాబితా చదివితే నవ్వూ వస్తుంది, మనసూ చివుక్కుమంటుంది. కోనన్ డోయల్ కూతురు డేమ్ జీన్. న్యూ హేవెన్ బృందానికి నాయకత్వం వహించిన ఎవెలిన్ హెర్జోగ్. 1934లో ప్రహేళిక పూరించి పంపిన క్యాథరిన్ మెక్‌మాన్, యాభై ఏడేళ్ళు ఆలస్యంగా. అప్పటికి తొంభై దాటిన ఎడిత్ మైజర్. హోమ్స్ గొంతు ఎలా ఉంటుందో అమెరికా ఇంటింటికీ వినిపించిన మనిషికి ఆ గదిలో కుర్చీ దొరకడానికి అరవై ఏళ్ళు పట్టింది.

ఈ సంఘంలో చేర్చుకున్నప్పుడు ప్రతివారికీ కథల్లోంచి ఏరిన ఒక బిరుదు ఇస్తారు. హెర్జోగ్‌కి ఇచ్చిన బిరుదు ఐరీన్ ఆడ్లర్‌ని చూసి గుర్రాలశాల మనుషులు అన్న మాట: టోపీ పెట్టుకున్నవాళ్ళలో ఇంత సొగసైనది ఈ భూమ్మీద లేదని. బేకర్ స్ట్రీట్ బేబ్స్ అదే జనవరి వారాంతంలో న్యూయార్క్‌లో సేవాకార్యక్రమాల కోసం నిధులు పోగుచేసే నృత్యవిందు పెట్టినప్పుడు దానికీ అదే మాట పేరుగా పెట్టుకున్నారు. ఇది ఎవరి విందు కిందా ఉప విందు కాదు, వీళ్ళ సొంతం. అలాగని రెండు శిబిరాల మధ్య యుద్ధమనీ అనుకోకూడదు. నవలా రచయిత్రి లిండ్సే ఫే ఇర్రెగ్యులర్స్‌లోనూ, అడ్వెంచ్రెసెస్‌లోనూ, బేబ్స్‌లోనూ ఉంది.

పాడ్‌కాస్ట్ ఈ పని చేయగలిగిందంటే కారణం దాని నడక. రేడియోకి స్టేషను కావాలి, స్టేషనుకి లైసెన్సు, ప్రోగ్రాముకి కాఫీ కంపెనీ. పత్రికకి సంపాదకుడు ఉంటాడు. పాడ్‌కాస్ట్‌కి ఒక మైకు, ఒక కంప్యూటరు, ఆడియో ఫైలు దాచే చోటు, కొత్త ఫైలు వచ్చిందని శ్రోతల ఫోన్లకి చెప్పే ఫీడ్ చాలు. 2005 జూన్‌లో యాపిల్ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టుల్ని చేర్చాక వినడమూ తేలికైంది. హోమ్స్ మీద మొదట వచ్చింది ఇద్దరు మగవాళ్ళు 2007లో మొదలుపెట్టిన ‘ఐ హియర్ ఆఫ్ షెర్లాక్ ఎవ్రీవేర్’. అది ఇప్పటికీ గౌరవంగా వినదగ్గదే. 2010 జులైలో బీబీసీ వాళ్ళ ‘షెర్లాక్’ వచ్చింది. హోమ్స్ చేతిలో స్మార్ట్‌ఫోను పెట్టిన ఆ సీరియల్‌తో ఇరవై ఏళ్ళ అమ్మాయిలు గుంపులు గుంపులుగా మూల కథల వైపు తిరిగారు. బేబ్స్ పుట్టింది సరిగ్గా ఆ గాలిలోనే. ఎవరినీ అడగక్కర్లేదు, ప్రహేళిక పూరించక్కర్లేదు.

అడ్డు చెప్పేవాళ్ళు లేకపోవడంలో నష్టమూ ఉంది. అభిమానుల పాడ్‌కాస్టుల్లో మాట ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చెప్పలేం. పావుగంట వాళ్ళలో వాళ్ళకే తెలిసిన పరిహాసాలు, పడీపడీ నవ్వులు, తర్వాత గానీ కథ మొహం కనపడదు. ఒకరి మైకు దగ్గరగా, ఒకరిది నూతిలోంచి. పనిలో పనిగా వినేవాళ్ళకి ఇదొక హాయి, కథ కోసం వచ్చినవాళ్ళకి ఇదొక పరీక్ష. ‘బేబ్స్’ అన్న పేరు మీద కూడా ముఖం చిట్లించినవాళ్ళు ఉన్నారు. 2013లో ఒక పాత తరం హోమ్స్ పండితుడు, కథల్ని శ్రద్ధగా ఉపాసించే భక్తులు వేరు, కేకలు వేసే ఫ్యాన్స్ వేరు అనే అర్థం వచ్చే వ్యాసం రాసి పెద్ద దుమారమే లేపాడు. ఆ భక్తులు దశాబ్దాలుగా చేస్తున్న పనేమిటో చూస్తే ఈ గీత నిలబడదు.

ఆ పని పేరు ‘గ్రాండ్ గేమ్’. హోమ్స్, వాట్సన్ నిజంగా బతికిన మనుషులు, కోనన్ డోయల్ కేవలం ప్రచురణ వ్యవహారాలు చూసిన ఏజెంటు అని ముఖం సీరియస్‌గా పెట్టుకుని ఒప్పుకోవాలి. ఒప్పుకుని, కథల్లో పొంతన లేనివాటికి కారణాలు వెతకాలి. 1911లో రొనాల్డ్ నాక్స్ అనే మతాచార్యుడు బైబిలు పండితుల్ని వెక్కిరిస్తూ చేసిన ప్రసంగంతో దీనికి ఊపొచ్చింది. మొత్తం కథలు 60: నాలుగు నవలలు, 56 కథలు, 1887 నుంచి 1927 దాకా. డోయల్ రాసి పారేసిన మనిషే తప్ప వెనక్కి తిరిగి చూసుకున్నవాడు కాదు. వాట్సన్‌కి తుపాకి గుండు ఒక నవలలో భుజంలో తగులుతుంది, తర్వాతి నవలలో కాలికి మారుతుంది. వాట్సన్ పేరు జాన్, అయితే ఒక కథలో సాక్షాత్తూ అతని భార్యే అతన్ని జేమ్స్ అని పిలుస్తుంది.

ఈ జేమ్స్ చిక్కు విప్పింది డొరొతీ ఎల్. సేయర్స్. తనే పెద్ద డిటెక్టివ్ రచయిత్రి. జాన్ హెచ్. వాట్సన్‌లో ఆ హెచ్ ఏమిటి? స్కాట్లండ్ పేరు హేమిష్ అయి ఉండాలి అంది. హేమిష్ అంటే ఇంగ్లీషులో జేమ్సే. అంటే భార్య మొగుడి పేరు మర్చిపోలేదు, ఇంట్లో ఇద్దరి మధ్యే నడిచే ముద్దుపేరు పెట్టి పిలిచింది. అంతకుముందు దీన్ని అచ్చుతప్పనీ, రచయిత పరధ్యానమనీ తోసేసినవాళ్ళు ఎందరో. ఆ వాక్యాన్ని భార్య నోటి మాటగా విని, ఆవిడకి తనేం మాట్లాడుతోందో తెలుసని నమ్మితే గాని ఈ జవాబు తట్టదు. బీబీసీ సీరియల్ కూడా తర్వాత హేమిష్‌నే ఖాయం చేసింది. ఫ్యాన్స్ చేసే అల్లరి ఊహలకీ, పండితుల ఉపాసనకీ తేడా గొంతు స్థాయిలోనే ఉంది.

ఆడవాళ్ళు చదివితే కథలో ఏం మారుతుందన్నదానికి ఐరీన్ ఆడ్లర్‌ని అందరూ ఉదాహరణ చెబుతారు. 1891 జులైలో వచ్చిన కథ, హోమ్స్‌ని ఓడించిన స్త్రీ, మగవేషంలో వచ్చి అతని గుమ్మం దగ్గరే అతనికి గుడ్‌నైట్ చెప్పి వెళ్ళిన స్త్రీ. నిజానికి ఆవిడ మీద చెప్పాల్సిందంతా ఎప్పుడో చెప్పేశారు. అంతకన్నా గట్టి ఉదాహరణ 1892 జూన్‌లో వచ్చిన ‘ద కాపర్ బీచెస్’లో వయొలెట్ హంటర్.

ఆవిడ పిల్లలకి చదువు చెప్పే గవర్నెస్. పాత ఉద్యోగంలో నెలకి నాలుగు పౌండ్లు, అంటే ఏడాదికి 48. ఆ ఉద్యోగం పోయింది, దాచుకున్నది కరిగిపోతోంది. రూకాసిల్ అనే పెద్దమనిషి ఒక్కసారిగా ఏడాదికి 100 పౌండ్లు ఇస్తానంటాడు, సగం ముందే చేతిలో పెడతానంటాడు. షరతులు చిన్నవే: ఇచ్చిన దుస్తులు కట్టుకోవాలి, చెప్పిన చోట కూర్చోవాలి, జుట్టు కత్తిరించుకోవాలి. చక్కటి గోధుమరంగు ఒత్తైన జుట్టు. ఆవిడ కాదంటుంది. ఇంటికొచ్చి అలమర చూసుకుంటుంది, అందులో పెద్దగా ఏమీ లేదు. బల్ల మీద రెండు మూడు బిల్లులు. అప్పుడు ఇంకో ఉత్తరం: 120 పౌండ్లు ఇస్తాం. వాట్సన్ కథని కథగా చెప్పుకుపోతాడు. లెక్క తెలిసిన పాఠకురాలు అక్కడ ఆగుతుంది. రెండున్నర రెట్లు జీతం ఎందుకిస్తున్నారు? ఆ సొమ్ము చదువు చెప్పినందుకు కాదని హోమ్స్ కన్నా ముందే వయొలెట్‌కి తెలుసు. అయినా అలమర దాదాపు ఖాళీ. ఒప్పుకుని, జుట్టు కత్తిరించుకుని వెళ్తుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగేది ఇంకా బాగుంటుంది. కిటికీకి వీపు పెట్టి కూర్చోబెడతారు, వెనక్కి తిరిగి చూడనివ్వరు. ఆవిడ పగిలిన అద్దం ముక్కని చేతిరుమాలులో దాచి, నవ్వు తుడుచుకుంటున్నట్టు కళ్ళ దగ్గరికి తెచ్చి, వెనక రోడ్డు మీద నిలబడ్డ మనిషిని చూస్తుంది. తాళం వేసిన సొరుగు తెరిస్తే అందులో తన జుట్టులాంటి జడ కనిపిస్తుంది. తనదే అనుకుంటుంది. తన పెట్టె తీసి చూసుకుంటే, కత్తిరించి దాచుకున్న తన జుట్టు అక్కడే భద్రంగా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తుంది. అంటే సాక్ష్యం సేకరించింది ఆవిడ, పోల్చింది ఆవిడ, మూసిన గదుల వైపుకి వెళ్ళింది ఆవిడ. హోమ్స్ వచ్చేసరికి పరిశోధన ముప్పాతిక మూడొంతులు అయిపోయింది. చివర్లో వాట్సన్ బాధల్లా హోమ్స్ ఈ అమ్మాయి మీద మరింత ఆసక్తి చూపలేదనే. కథ ఆఖరి వాక్యం ప్రకారం ఆవిడ వాల్సాల్ ఊళ్ళో ఒక ప్రైవేటు పాఠశాలకి అధిపతి అయింది, బాగా రాణించింది. ఇంగ్లీషు డిటెక్టివ్ కథల్లో ఇంతకన్నా మంచి ముగింపు దొరికిన ఆడవాళ్ళు ఎక్కువమంది లేరు.

మన దగ్గర అద్దె పుస్తకాల షాపుల్లో కొమ్మూరి సాంబశివరావు నవలలు చదివినవాళ్ళకి యుగంధర్, పక్కన అసిస్టెంట్ రాజు అనే జంట అలవాటే. హోమ్స్ పక్కన వాట్సన్ ఉన్నట్టే. అటువంటి కథల్లో క్లయింటు తలుపు తట్టి లోపలికి వచ్చాక ఏం చెబుతుందన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు, డిటెక్టివ్ ఏం చేస్తాడన్నదే చూస్తారు. పాడ్‌కాస్టులో గంటసేపు ఒకే కథ మీద కూర్చునేసరికి క్లయింటు చెప్పిన మాటలే ఎక్కువ విలువైనవని తేలుతుంది.

హోమ్స్ దాటి ముందుకొస్తే బ్రిటన్‌లో క్యారొలిన్ క్రాంప్టన్ 2018లో మొదలుపెట్టిన ‘షీడనిట్’ ఉంది. చేసిందెవరు అని అడిగే ‘హూడనిట్’ అన్న మాటని తిప్పి, చేసింది ఆమే అని పెట్టిన పేరు. దీని తీరు వేరు. ఇక్కడ గుంపు కబుర్లు లేవు. ఒక్కరే రాసుకుని, పరిశోధించి, శుభ్రంగా చదివే డాక్యుమెంటరీ. అభిమానులు పుస్తక సంఘం సభ్యత్వం కట్టి దీన్ని నడిపిస్తారు. కాఫీ కంపెనీ చేసిన పని ఇప్పుడు శ్రోతలు చేస్తున్నారన్నమాట. హంతకుడెవరో చెప్పకుండా హత్య కథని విశ్లేషించడం కష్టం కాబట్టి ఏ పుస్తకం గుట్టు విప్పుతున్నారో ముందే హెచ్చరిస్తారు. డిటెక్టివ్ కథల పాడ్‌కాస్ట్‌కి మర్యాద అంటే అదే.

షీడనిట్ మొదటి ఎపిసోడ్ ‘మిగులు ఆడవాళ్ళ’ మీద. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1921 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళు సుమారు 17 లక్షలు ఎక్కువ తేలారు. పెళ్ళిళ్ళు కాని వీళ్ళని ఏం చేయాలని పత్రికలు తెగ బెంగపడ్డాయి. డిటెక్టివ్ రచయిత్రులు మాత్రం వాళ్ళకి పని చూపించారు. సేయర్స్ 1927 నవలలో మిస్ క్లింప్సన్ అనే పెళ్ళికాని పెద్దావిడ ఊరూరా తిరిగి, మగ డిటెక్టివ్ అడిగితే ఎవరూ చెప్పని విషయాలు టీ తాగుతూ లాగుతుంది. అదే ఏడాది డిసెంబరులో అగాథా క్రిస్టీ సృష్టించిన పెద్దావిడ డిటెక్టివ్ మిస్ మార్పుల్ మొదటి కథ వచ్చింది. ఆ కథ మొదలయ్యేది ఒక గదిలో, కొందరు కూర్చుని, తలా ఒక అపరాధ కథ చెప్పుకుందాం అనుకుంటూ. అంటే ఒక రకంగా పాడ్‌కాస్టే. జాయిస్ అనే అమ్మాయి ఎంతమంది ఉన్నామని వేలెత్తి లెక్కపెడుతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరుగురుంటే బాగుండేది అంటుంది. ఊలు అల్లుకుంటున్న మిస్ మార్పుల్ నన్ను మర్చిపోయావమ్మా అంటుంది. జాయిస్ నాలుక్కరుచుకుంటుంది. ఆ మొదటి కథలో మిగతా అయిదుగురికీ తోచనిది ఆ ఆరో మనిషికే తోస్తుంది.

ఇలాంటివి తెలుగులో చేయాలంటే చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది? కథ మీద మాట్లాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కథ మొత్తం చదివి వినిపించాలన్నా, అనువదించాలన్నా కాపీరైటు చూసుకోవాలి. అమెరికాలో హోమ్స్ ఆఖరి కథలు 2023 జనవరి 1న గాని కాపీరైటు నుంచి విడుదల కాలేదు. ఆ లోపు 2020లో డోయల్ వారసుల సంస్థ, హోమ్స్ చెల్లెలి మీద తీసిన ‘ఎనోలా హోమ్స్’ సినిమా వాళ్ళ మీద దావా వేసింది. ఆ దావాలో ఒక వాదన వింతైనది: స్త్రీలని గౌరవించే, మనసున్న హోమ్స్ ఆఖరి కథల్లోనే కనిపిస్తాడు కాబట్టి ఆ హోమ్స్ ఇంకా మా సొత్తేనని. ఏడాది తిరక్కుండా కేసు ముగిసింది. మన చట్టంలో ఈ తంటా లేదు. ఇక్కడ రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి, 1992కి ముందు 50 ఏళ్ళే. డోయల్ 1930లో పోయాడు, ఆయన కథలన్నీ ఇక్కడ 1981 నుంచే అందరివీ. వయొలెట్ హంటర్ కథని రేపు ఉదయం ఎవరైనా తెలుగులో రికార్డు చేసుకోవచ్చు. 1957లో పోయిన సేయర్స్ రచనలు 2018 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు, మిస్ క్లింప్సన్‌తో సహా. మిస్ మార్పుల్ విషయంలో మాత్రం 2037 జనవరి 1 దాకా ఆగాలి.